అనుదిన జీవితములో సద్గుణ సాధన: జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల సంఘాల చరిత్రపై ఒక పరిశీలన

పేతురు రెండవ పత్రిక మొదటి అధ్యాయంలో అపొస్తలుడు విశ్వాసుల ముందు ఒక మెట్ల వరుస పెడతాడు. విశ్వాసం మొదటి మెట్టు. దాని పైన సద్గుణం, జ్ఞానం, ఆశానిగ్రహం, సహనం, భక్తి, సహోదర ప్రేమ ఒకదాని వెంట ఒకటి వస్తాయి. చివరి మెట్టు అందరి యెడల ప్రేమ. వేదాంత కళాశాలల్లో ఈ భాగాన్ని బోధించేటప్పుడు మనం సాధారణంగా గ్రీకు పదాల అర్థాల దగ్గరే ఆగిపోతుంటాం. ఈ వ్యాసం అడిగే ప్రశ్న వేరు. కడప జిల్లా పడమటి తాలూకాలైన జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందులలో సువార్తను అంగీకరించినవారు తమ కూలి బ్రతుకులో, వంటింట్లో, ఊరి తగాదాల్లో ఈ మెట్లను ఎంతవరకు ఎక్కారు? ఎక్కడ ఆగారు?

దీనికి జవాబు వెదికేవారికి మొదట దొరికేవి మిషను నివేదికలు. వాటిలో లెక్కకు వచ్చిన సద్గుణాలు కొన్ని ఉన్నాయి. లెక్కకు రానివి అంతకంటె ఎక్కువ. ఈ ప్రాంతంలో సంఘం వేరు పట్టింది ఆ రెండవ రకం వాటి వల్లనే అన్నది నా అభిప్రాయం. అవి ఏ గడప దగ్గర ఆగిపోయాయో సంఘం పెరుగుదల కూడా అక్కడే ఆగింది.

సువార్తకు ముందున్న సద్గుణ బోధ

లండన్ మిషనరీ సొసైటీ 1822లో కడపలో పని ప్రారంభించింది. విలియం హోవెల్ గారు ఇరవై ఏండ్ల పాటు అక్కడ సేవ చేసి, తరువాత ఆంగ్లికన్ సంఘానికి చెందిన ఎస్.పి.జి. మిషనులో చేరారు. ఆ రెండవ మిషను క్రమేణ కర్నూలు వైపు ముత్యాలపాడు కేంద్రంగా విస్తరించింది. 1850వ దశకం నుండి మాల కుటుంబాలు గుంపులుగా బోధ అడగడం మొదలైంది. అంతవరకు పట్టణంలో ఉన్న సంఘం అప్పటినుండి పల్లె సంఘమైంది.

అయితే మిషనరీలు వచ్చేంతవరకు ఈ పల్లెలకు నీతి బోధ తెలియదనుకోవడం పొరపాటు. కందిమల్లాయపల్లెలో సమాధియైన పోతులూరి వీరబ్రహ్మం గారి శిష్యులలో దూదేకుల సిద్దయ్య, మాదిగ కక్కయ్య ఉన్నారని ఈ ప్రాంతంలో పిల్లలు కూడా చెబుతారు. వేమన పద్యాలు చదువు రాని నోళ్లలోనూ ఆడేవి. కులాన్ని నిరసించే, కపట భక్తిని ఎగతాళి చేసే ఒక సంప్రదాయం మాలపల్లెలో, మాదిగవాడలో అప్పటికే ఉంది. సువార్త పడిన నేల అది.

ఈ సంగతిని గుర్తించిన మిషనరీ ఒకరున్నారు. 1884లో ఇండియాకు వచ్చిన ఐర్లాండు దేశస్థుడు విలియం హోవర్డ్ క్యాంబెల్ గారు వేమనను ప్రజల కవిగా కొనియాడుతూ ఇంగ్లీషులో వ్యాసం వ్రాశారు. ప్రజల నీతిని తెలుసుకోవాలంటే వారి పద్యాన్ని వినాలన్న వివేకం ఆయనది. పక్షుల మీద, సీతాకోకచిలుకల మీద కూడా ఆయనకు మక్కువ ఎక్కువ. కలివి కోడిని 1900లో అనంతపురం దగ్గర చూచి నమోదు చేసినది ఆయనే. ఆ తరువాత ఎవరికీ కనబడని ఆ పక్షి 1986లో మళ్లీ కడప జిల్లాలోనే దొరికింది. ఇది మన విషయానికి సంబంధించినది కాకపోయినా, చుట్టూ ఉన్నదాన్ని శ్రద్ధగా చూడడం కూడా ఒక సద్గుణమే గనుక ప్రస్తావించాను.

లెక్కకు వచ్చిన సద్గుణాలు

పందొమ్మిదవ శతాబ్దపు మిషనరీ రచనల్లో కొత్త విశ్వాసి మార్పును కొలిచే కొలబద్దలు దాదాపు అన్ని తెలుగు మిషనులలోను ఒక్కటే. సారా మానాడా? చచ్చిన పశువు మాంసం మానాడా? ఆదివారం పని మానాడా? జాతరలో డప్పు కొట్టడం మానాడా? ఒక్క భార్యతోనే ఉన్నాడా? గమనిస్తే వీటిలో చాలావరకు 'మానడం' అనే క్రియ చుట్టూ తిరిగేవే. పేతురు మెట్లలో చెప్పాలంటే ఇదంతా ఆశానిగ్రహం అనే ఒక్క మెట్టు.

ఈ నిగ్రహాన్ని నేను తక్కువ చేయడం లేదు. కూలి డబ్బు సారా అంగడికి పోకుండా ఇంటికి వస్తే ఆ ఇంటి స్త్రీకి, పిల్లలకు అంతకు మించిన సువార్త ఏముంటుంది? కాని అన్నింటినీ ఒకే గాటన కట్టడం సరికాదు. చచ్చిన పశువు మాంసం తినడం వెనుక ఉన్నది ఆకలి. ఊరి పశువు చస్తే దానిని తీసివేయడం వారి మీద మోపిన వెట్టి, ఆ మాంసమే వారికి దక్కే కూలి. దానిని దుర్గుణాల పట్టికలో చేర్చినవారు ఆకలిని పాపంగా చదివారు.

డప్పు సంగతి వేరు. గ్రామ దేవత జాతరలో డప్పు కొట్టడం మాన్యానికి, మేర గింజలకు ముడిపడిన బాధ్యత. మానితే ఊరి పెద్దల కోపం, మేర గింజలకు కోత, పనిలోకి పిలవకపోవడం. ఒంగోలు ప్రాంతంలో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ గారి కాలంలో కొత్త విశ్వాసులు డప్పు కొట్టబోమని, ఆదివారం పనికి రామని చెప్పినందుకు కరణాల చేతిలో పడిన బాధలు గ్రంథస్థమయ్యాయి. వెట్టి, మాన్యం, మేర అనే ఏర్పాటు కడప పల్లెల్లోనూ అదే. కూడు పోతుందని తెలిసి డప్పు దించినవాడు ఆశానిగ్రహం దాటి సహనం అనే మెట్టు మీద కాలు పెట్టాడు. నివేదిక వ్రాసినవారు మాత్రం దానిని విగ్రహారాధన మానిన లెక్కలో వేశారు.

పిడికెడు గింజలు

1876-78 నాటి కరువు మద్రాసు రాజధానిలో లక్షల ప్రాణాలు తీసింది. తెలుగువారు దానిని ధాత కరువు అన్నారు. కడప, కర్నూలు, బళ్లారి జిల్లాలు ఘోరంగా దెబ్బతిన్నాయి. ఆ తరువాతి సంవత్సరాల్లో తెలుగు దేశమంతటా బాప్తిస్మం పొందినవారి సంఖ్య పెరిగింది. కూటి కోసం కులం మార్చారన్న నింద అప్పుడు పుట్టింది, నేటికీ పోలేదు. ఈ నిందకు వాదనతో జవాబు చెప్పేకంటె ఒక ఆచారాన్ని చూపించడం మేలు.

తెలుగు సంఘాల స్త్రీలు పొయ్యి మీద ఎసరు పెట్టి, అందులో పోసే గింజల నుండి ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసేవారు. వారమంతా అలా పోగైన దానిని ఆదివారం గుడికి తెచ్చేవారు. దోర్నకల్ బిషపు వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారు తమ అధ్యక్ష మండలంలో దీనిని ప్రార్థనతో కూడిన క్రమంగా మలచారు. మన పుస్తకాల్లో దీనిని 'పిడికెడు బియ్యం' అంటాం. కాని పులివెందుల వంటి మెట్ట తాలూకాలో వరి అన్నం పండుగ నాటి మాట. అక్కడి కూలివారి ఇంట ఉడికేది జొన్న, కొర్ర, రాగి సంగటి. కర్నూలు కడప కాలువ క్రింద ప్రొద్దుటూరు వైపు కొంత వరి ఉన్నా, కూలి ఇంటి కుండలోకి అది వచ్చేది తక్కువే. కాబట్టి ఈ ప్రాంతపు చరిత్ర వ్రాసేవారు 'బియ్యం' అన్నచోట 'గింజలు' అని చదువుకోవాలి.

ఈ ఆచారంలో మూడు సంగతులు గమనింపదగినవి. ఇది రోజూ జరిగేది. ప్రార్థన మరచినా, ప్రసంగం అర్థం కాకపోయినా, పొయ్యి వెలిగించిన ప్రతిసారి చేయి ఆ కుండ వైపు పోవాలి. ఇది స్త్రీ చేతిలో ఉన్నది. సంఘ పెద్దల పట్టికలో ఆమె పేరు లేదు, గుడిలో ఆమె మాట్లాడదు, కాని పాస్టరు ఇంటి పొయ్యి వెలగడంలో ఆమె పిడికిలికి పాలు ఉంది. పైగా, ఇచ్చేవాడు ధనవంతుడు, పుచ్చుకొనేవాడు బీదవాడు అనే ఊరి లెక్కను ఇది తిరగవేసింది. మేర గింజల కోసం కళ్లం దగ్గర చేయి చాచి నిలబడడం అలవాటైన కుటుంబం, వారానికి ఒకసారి ఇచ్చే కుటుంబంగా గుడి మెట్లెక్కింది. కూటి కోసం వచ్చారని ఎవరిని నిందించారో వారే ఉన్న కూటిలోంచి తీసి ఇచ్చారు. కోతల పండుగ నాడు గుడిలో వేలం వేసే గుమ్మడికాయ, కోడిపుంజు, జొన్న కంకులు కూడా ఈ వరుసలోనివే.

ఉపదేశి గురించి కూడా ఇక్కడే చెప్పాలి. పగలంతా పొలంలో ఉండే సంఘానికి ఆరాధన తరచుగా రాత్రిపూట, లాంతరు వెలుతురులో జరిగేది. ఆ లాంతరు చుట్టూనే పిల్లలకు అక్షరాలు, పెద్దలకు పది ఆజ్ఞలు, ప్రభువు నేర్పిన ప్రార్థన. 'విశ్వాసంలో ఎదగడం' అని మనం ఈనాడు పుస్తకాలు వ్రాస్తున్నాం. ఆనాటి పల్లెలో ఎదుగుదల అంటే సందేశం వినడం, కంఠతా పట్టడం, మరునాడు చేలో కలుపు తీస్తూ దానిని పాడుకోవడం.

తాకిన చేతులు

హోవర్డ్ క్యాంబెల్ గారి సోదరుడు డాక్టర్ టి.వి. క్యాంబెల్ గారు 1890వ దశకంలో జమ్మలమడుగులో వైద్యసేవను నెలకొల్పారు. ఆయన పేరుతోనే ఈనాటికీ అది క్యాంబెల్ ఆసుపత్రి. పెన్న ఒడ్డున ఉన్న ఆ చిన్న ఊరికి చుట్టుప్రక్కల తాలూకాల నుండి బండ్లు కట్టుకొని రోగులు వచ్చేవారు.

మిషను ఆసుపత్రుల చరిత్రను మనం సాధారణంగా డాక్టర్ల చరిత్రగా వ్రాస్తాం. నా దృష్టిలో అసలు చరిత్ర నర్సులది, వార్డు పనివారిది. వారిలో అనేకులు పల్లె సంఘాల బిడ్డలు. ఊరి బావి దగ్గరకు రానివ్వని కుటుంబాల ఆడపిల్లలు తెల్లచీర కట్టి రెడ్డిగారి పుండు కడిగారు, బ్రాహ్మణ స్త్రీకి పురుడు పోశారు, ముస్లిం కుటుంబాల తల్లులకు మందు పట్టించారు. చాలా మిషను ఆసుపత్రుల్లో రోగి బంధువులు ఆవరణలోనే ఎవరి కులపు వంట వారు చేసుకొనేవారు. అంటే కూటి దగ్గర అంటు నిలిచే ఉంది. కాని కట్టు కట్టేచోట ఆ అంటు నిలవలేదు. నొప్పితో ఉన్నవాడు చేతిని చూచాడు గాని చేతి కులాన్ని అడగలేదు. ఇంటికి పోయాక అడిగి ఉండవచ్చు.

సేవ అనే సద్గుణం గురించి మాట్లాడేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. తరతరాలుగా ఊరికి ఊడిగం చేసినవారికి మళ్లీ 'సేవ చేయండి' అని బోధించడంలో ఒక ఇబ్బంది ఉంది. ఆసుపత్రి సేవ ఊడిగం కాకపోవడానికి కారణం దానికి ముందు శిక్షణ, దాని వెంట జీతం, దాని మీద గౌరవం ఉండడమే. ఈ తేడాను గుర్తించకుండా చేసే సేవా ప్రసంగాలు మన గుడులలో ఇంకా వినబడుతున్నాయి.

ఈ ఆసుపత్రి ప్రభావం మిషను ఆవరణను దాటింది. 1949లో జమ్మలమడుగులో జన్మించిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారు వైద్యవిద్య పూర్తిచేసి కొంతకాలం ఈ మిషను ఆసుపత్రిలోనే వైద్యాధికారిగా పనిచేశారు. 1973లో పులివెందులలో తండ్రి గారి పేరుతో 70 పడకల ధర్మాసుపత్రిని స్థాపించారు. రాజకీయాలలో ఆయన స్థానం గురించి చర్చించడం ఈ పత్రిక పని కాదు. ఒక తాలూకాలోని మిషను వైద్యం పక్క తాలూకాలో ఒక కుటుంబపు దాతృత్వంగా ఎలా మారిందో చూపడానికి మాత్రమే ఈ ఉదాహరణ.

సహోదర ప్రేమ అనే మెట్టు

రెడ్డి కుటుంబాలు సంఘంలోకి రావడం ఇరవయ్యో శతాబ్దపు ఘట్టం. బిషపు వాస్కామ్ పికెట్ గారు నేషనల్ క్రిస్టియన్ కౌన్సిల్ తరపున సామూహిక ఉద్యమాలను అధ్యయనం చేసి 1933లో ఒక గ్రంథాన్ని, తెలుగు దేశంలోని సవర్ణుల ప్రవేశాన్ని పరిశీలించి 1937లో మరొక గ్రంథాన్ని ప్రకటించారు. ఆయన తేల్చిన ముఖ్యాంశం ఒకటి మనకు చాలా విలువైనది. సవర్ణులలో అనేకులు తమను కదిలించినది మిషనరీ ప్రసంగం కంటె, తమ పొలాల్లో పనిచేసే మాల, మాదిగ క్రైస్తవుల జీవితాల్లో వచ్చిన మార్పు అని చెప్పారు. చదువు లేని కూలివాని అనుదిన నడత భూస్వామికి సాక్ష్యమైంది. సంఘ చరిత్రలో ఇంతకంటె ఆశ్చర్యమైన సంగతి తక్కువ.

మరి ఆ సాక్ష్యాన్ని చూచి వచ్చినవారు సాక్షుల పక్కన కూర్చున్నారా? ఇక్కడే చరిత్ర తడబడుతుంది. 'ఫిలడెల్ఫియా' అనే గ్రీకు పదానికి లోక వ్యవహారంలో తోబుట్టువుల మధ్య ప్రేమ అని అర్థం. ఒకే కడుపున పుట్టనివారికి ఆ పదాన్ని వర్తింపజేయడం క్రొత్త నిబంధన చేసిన సాహసం. కడప పల్లెల్లో ఆ సాహసం గుడి లోపల కొంతవరకు జరిగింది. వాక్యం కలిసి విన్నారు, ప్రభు భోజనంలో పాలు పొందారు. పెళ్లి సంబంధం దగ్గర, ఇంటి పంక్తి దగ్గర పాత గోడ నిలిచింది. రెడ్డి క్రైస్తవుడు రెడ్డిగా, మాల క్రైస్తవుడు మాలగా మిగిలారు. మాల మాదిగల మధ్య దూరాన్ని కూడా మిషనులు తగ్గించలేదు. ఒక మిషను ఎక్కువగా ఒక కులంలో, మరొక మిషను మరొక కులంలో పనిచేయడం వల్ల ఆ దూరం సంఘాల పేర్లలోకి ఎక్కింది.

ఈ లోపాన్ని ఎవరూ గుర్తించలేదని కాదు. 1833లో బిషపు డానియేల్ విల్సన్ సంఘంలో కులభేదాన్ని నిషేధిస్తూ ఆదేశం పంపారు. 1850లో మద్రాసు మిషనరీ సమావేశం, తక్కువ కులమువారు వండిన అన్నం తినడానికి సిద్ధపడనివానిని సభ్యునిగా చేర్చుకోరాదని తీర్మానించింది. ఆదేశం మీద ఆదేశం వచ్చినా పంక్తి కలవలేదు. మిషనుల వెలుపల పుట్టిన ఉద్యమంలో, బక్త్ సింగ్ గారి (1903-2000) పరిశుద్ధ కూటాలలో, కుల భేదం లేకుండా వేలమంది వరుసగా కూర్చొని ప్రేమవిందు భుజించడం తెలుగు క్రైస్తవులు చూచారు. ఆదేశం లేకుండానే అది జరిగింది. సమావేశం ముగిసి ఇంటికి వెళ్లిన తరువాతి పంక్తి సంగతి అక్కడ కూడా అడగవలసినదే.

1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు మిషనుల మధ్య గోడలు చట్టబద్ధంగా కూలాయి. 1950 నుండి రాయలసీమ అధ్యక్ష మండలానికి హోస్పేట సుమిత్ర గారు బిషపుగా ఉన్నారు, 1954లో మొత్తం సంఘానికే మాడరేటరు అయ్యారు. ఐక్యత పై స్థాయిలో సాధ్యమైంది. పల్లెలో ఆ ఐక్యత ఇంకా రావలసే ఉంది.

రికార్డులో ఒకటి, కక్షలో ఒకటి

సత్యం పలకడం అందరూ అంగీకరించే సద్గుణం. 1950లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల గుర్తింపును హిందువులకే పరిమితం చేసింది. తరువాత 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు అది విస్తరించింది గాని క్రైస్తవులకు రాలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 1970 నుండి వారిని వెనుకబడిన తరగతులలో 'సి' గ్రూపుగా చేర్చి ఒక్క శాతం కేటాయించారు. దీని ఫలితం ప్రతి పాస్టరుకు తెలుసు. బడిలో ఒక పేరు, గుడిలో ఒక పేరు. ఆదివారం సాక్ష్యం చెప్పే యువకుడు సోమవారం దరఖాస్తులో వేరుగా వ్రాయవలసి వస్తుంది. దీనిని అబద్ధమని మందలించే బోధకులను నేను విన్నాను. ఆ యువకుని ముందు రెండు దారులు పెట్టి, ఒకదాని మీద పిల్లల చదువును, మరొకదాని మీద విశ్వాసాన్ని ఉంచినది చట్టం. భారం అతని మీద వేసి, చట్టాన్ని గురించి మాట్లాడని బోధ సత్యాన్ని సగమే పలికినట్లు.

ఈ తాలూకాలకు మరొక పరీక్ష ఫ్యాక్షన్. క్షమాపణను గురించి ఎక్కడైనా ప్రసంగించవచ్చు. ఇక్కడ ప్రసంగించడం వేరు. తండ్రిని పోగొట్టుకొన్న కుమారుడు ముందు వరుసలో కూర్చొని ఉండగా, 'శత్రువును ప్రేమించు' అన్న మాటకు పాస్టరు నోరు ఆరిపోతుంది. క్రైస్తవ కుటుంబాలు ఈ కక్షలకు అతీతంగా లేవు. చంపబడినవారున్నారు, కేసులలో ఉన్నవారూ ఉన్నారు. పేద క్రైస్తవులలో అనేకులు తమది కాని కక్షలో నాయకుని వెంట నడిచి నష్టపోయారు. సారా మానాడా అని అంత శ్రద్ధగా అడిగిన సంఘం, వేటకొడవలి దించాడా అని అదే శ్రద్ధతో అడిగిందా?

ప్రభు భోజనానికి ముందు సిద్ధబాటు కూటం పెట్టి, తగాదాలో ఉన్నవారిని పిలిచి సమాధానపరచడం పాత సంఘాల క్రమం. సమాధానపడనివారిని భోజన బల్ల నుండి నిలిపి, ఆ సంగతి సంఘ పుస్తకంలో వ్రాసేవారు. అటువంటి పుస్తకాలు పాస్టరేటు బీరువాలలో, పాత పెద్దల ఇళ్లలో చెదలు పట్టకుండా మిగిలి ఉన్నచోట పరిశోధక విద్యార్థులు వెంటనే నకలు తీసుకోవాలి. బాప్తిస్మాల సంఖ్య కోసం వాటిని తిరగవేసినవారున్నారు. ఒక్కొక్క పేజీలో భోజన బల్ల నుండి నిలిపినవారి పేర్ల ఎదుట కారణం ఏమని వ్రాశారో చూడాలి: సారాకు ఎన్ని పేర్లు, కట్నానికి ఎన్ని, పంక్తిలో కూర్చోననినందుకు ఎన్ని, కక్షకు ఎన్ని.